ఆస్పత్రికి పరామర్శకు వెళ్తున్నారా? చేతుల సంగతి ముందు చూసుకోండి

వార్డు సిస్టర్‌గా పనిచేసినవాళ్ళకు ఎదుటి మనిషి ముఖం కంటే ముందు చేతులు చూసే అలవాటు ఉంటుంది. నాకూ ఉంది. ఉద్యోగంలో మొదట మెడికల్ వార్డు, తరువాత ఇన్‌ఫెక్షన్ నియంత్రణ విభాగం చూశాను. పదవీ విరమణ చేసినా ఆ చూపు మాత్రం విరమించలేదు. మా వీధిలో ఎవరు ఆస్పత్రికి బయలుదేరినా గుమ్మం ముందు ఆగి, “సిస్టర్, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?” అని అడుగుతారు. చాలామంది అప్పటికే మాస్కు పెట్టుకుని, సంచిలో శానిటైజరు సీసా వేసుకుని ఉంటారు. ఏది ఎప్పుడు వాడాలన్నదే వాళ్ళకు తెలియదు. అడిగిన ప్రతివారికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఆస్పత్రి గాలి పీల్చగానే జబ్బు వస్తుందన్న భయం మనలో చాలామందికి ఉంది. కొన్ని జబ్బులు నిజంగానే గాలిలో వస్తాయి, వాటి సంగతి తరువాత చెబుతాను. మామూలు వార్డులో మాత్రం మీకు అంటుకునేవి ఎక్కువగా మీ చేతుల మీదుగా మీ నోటికి, ముక్కుకు, కంటికి చేరతాయి. పైగా మనం అన్నం చేత్తో కలుపుకుని తినేవాళ్ళం. అందుకే స్పూనుతో తినే దేశాలవారికంటే మనకు చేతి శుభ్రత ఇంకా ముఖ్యం.

అసలు వెళ్ళాలా?

మొదటి జాగ్రత్త ఇంట్లోనే మొదలవుతుంది. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి వ్యాపించింది. పశ్చిమాసియా నుంచి తిరిగివచ్చిన ఒక ప్రయాణికుడితో మొదలై 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. అది దాదాపుగా ఆస్పత్రుల్లోనే పాకింది. రోగులకు, సిబ్బందికే కాక తోడున్న కుటుంబసభ్యులకు, చూడటానికి వచ్చిన బంధువులకు కూడా సోకింది. అక్కడా మనలాగే మంచం చుట్టూ బంధుబలగం చేరడం మర్యాద. కిక్కిరిసిన ఎమర్జెన్సీ గదులు, పరామర్శల రద్దీ కూడా ఆ వ్యాప్తికి కారణాలని తరువాత పరిశీలించిన నిపుణులు తేల్చారు.

కాబట్టి ఇంటిల్లిపాదీ ఆటో ఎక్కకండి. ఇద్దరు వెళ్ళండి, పది నిమిషాలు కూర్చుని వచ్చేయండి. “మా చిన్నాయన వాళ్ళు రాలేదు” అని ఎవరైనా దెప్పితే దెప్పనివ్వండి. మీకు జలుబు, జ్వరం, విరేచనాలు ఉంటే అసలు వెళ్ళవద్దు. మీకు మామూలు జలుబు, మంచంలో ఉన్నాయనకు అదే న్యుమోనియా కావచ్చు. పసిపిల్లలను, గర్భిణులను, కీమోథెరపీ జరుగుతున్నవారిని, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిని, స్టెరాయిడ్లు వాడుతున్నవారిని ఇంట్లోనే ఉంచి ఫోనులో మాట్లాడించండి. షుగరు అదుపులో లేనివాళ్ళు కూడా తొందరపడకూడదు. ఆటలమ్మ పోసినవారి దగ్గరికి, తట్టు వచ్చిన పిల్లల దగ్గరికి అంతకుముందు ఆ జబ్బు రానివాళ్ళు, టీకా వేయించుకోనివాళ్ళు వెళ్ళకూడదు. తట్టు వైరస్ రోగి ఆ గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. వేపాకులు దాన్ని ఆపలేవు.

బయలుదేరే ముందు

ఉంగరాలు, రాళ్ళ గాజులు తీసి ఇంట్లో పెట్టండి. చేయి ఎంత కడిగినా ఉంగరం కింద తడి, మట్టి మిగిలిపోతాయి. గోళ్ళు కత్తిరించుకోండి. వేలికి కోసుకున్న గాయం ఉంటే నీళ్ళు దిగని పట్టీ అంటించండి. చీర కట్టుకుంటే కొంగు నడుముకు దోపుకోండి, చున్నీ అయితే పిన్ను పెట్టండి. ఈ కొంగు గురించి ఒక్క మాట చెప్పాలి. కొంగుతో రోగి మూతి తుడిచి, స్టూలు తుడుచుకుని కూర్చుని, బయటికొచ్చాక అదే కొంగుతో చంటిబిడ్డ ముక్కు తుడిచిన తల్లులను వార్డులో లెక్కలేనంత మందిని చూశాను. తుడవడానికి కాగితపు రుమాళ్ళు పట్టుకెళ్ళండి, వాడినది వాడినట్టు పారేయండి.

పాదాలు కప్పే చెప్పులో, బూట్లో వేసుకోండి. కొన్ని చోట్ల ఐసీయూ బయట చెప్పులు విప్పమంటారు. వాళ్ళు వేరే చెప్పులు ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే అడగండి. ఉత్త కాళ్ళతో తడి నేల మీద నడిచే పని పెట్టుకోకండి, ముఖ్యంగా పాదం పగుళ్ళున్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు.

పెద్ద సంచి వద్దు. మూడు నాలుగు వస్తువులు చాలు: కనీసం 60 శాతం ఆల్కహాలు ఉన్న చిన్న శానిటైజరు సీసా, కాగితపు సబ్బు, రెండు మాస్కులు, మీ తాగునీళ్ళ సీసా. సబ్బు ఎందుకంటే చాలా ఆస్పత్రుల్లో కుళాయి ఉంటుంది, నీళ్ళుంటాయి, సబ్బు మాత్రం ఉండదు. ఉన్నా, సగం కరిగి నీళ్ళలో నానుతున్న ముక్క ఉంటుంది. అందులోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి, దాన్ని ముట్టుకోకండి.

ఏటా ఫ్లూ టీకా వేయించుకునేవాళ్ళకు వానాకాలం, చలికాలం పరామర్శల్లో కొంత నిబ్బరం ఉంటుంది. అరవై దాటినవారు వైద్యుడిని అడిగి వేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతూ మీరు తరచూ తోడు వెళ్ళవలసి వస్తుంటే హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పూర్తిచేయండి. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతకగలదు. కర్పూరం, వాము మూటకట్టి మెడలో వేసుకునే అలవాటు కోవిడ్ రోజుల నుంచి కొందరిలో మిగిలిపోయింది. వాసన బాగుంటుంది, అంతకంటే ఉపయోగం లేదు. ముందుజాగ్రత్త పేరుతో మందుల షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొని మింగడం అయితే హాని. అది వైరస్‌ను చంపదు, పైగా మీ ఒంట్లో ఉన్న మామూలు సూక్ష్మజీవులకు మందుకు లొంగకుండా తయారయ్యే దారి చూపిస్తుంది.

మంచం దగ్గర

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. ఒక మామూలు పరామర్శ ఎలా సాగుతుందో చూడండి. మేనల్లుడు వస్తాడు. లిఫ్టు బటను నొక్కి వచ్చాడు, వార్డు తలుపు పిడి పట్టుకుని వచ్చాడు. మంచం పక్క కడ్డీ మీద చేయి వేసి, “మామయ్యా, ఎలా ఉంది?” అంటాడు. ఫోను తీసి వీడియో కాల్ కలిపి, “అత్తయ్యా, మాట్లాడు” అంటూ రోగి ముఖం దగ్గర పెడతాడు. ఫోను దుప్పటి మీద పడుతుంది, మళ్ళీ తీసి జేబులో పెట్టుకుంటాడు. సెలైన్ స్టాండు పట్టుకుని సీసాలో ఇంకెంతుందో చూస్తాడు. తరువాత క్యాంటీనుకు వెళ్ళి సమోసా తింటూ అదే ఫోను చూస్తాడు. ఈ మొత్తంలో అతను ఒక్కసారి కూడా చేయి కడగలేదు. మాస్కు మాత్రం ముఖానికి ఉంది, సమోసా కోసం దాన్ని గడ్డం కిందకు లాగాడు.

వార్డులో ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఒకటి ఉంటుంది, ఐసీయూల్లో పనిచేసినవాళ్ళకు దాని పేరు వింటే చిరాకు. పొడి కడ్డీ మీద, పొడి పరుపు మీద అది రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మేనల్లుడికి అది జబ్బు తేవడం అరుదు. అయితే అతని చేతి మీద కూర్చుని పక్క మంచానికో, ఇంట్లో ఉన్న ముసలమ్మ పడకపుండుకో చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో 7 మందికి, మధ్య, అల్పాదాయ దేశాల్లో 15 మందికి అక్కడ ఉండగానే కనీసం ఒక కొత్త ఇన్‌ఫెక్షన్ సోకుతోంది. చేతి శుభ్రతతో పాటు మరికొన్ని చవకైన పద్ధతులు పాటిస్తే వాటిలో 70 శాతం వరకు ఆపవచ్చని కూడా అదే నివేదిక చెబుతోంది.

అందుకే చేతులు శుభ్రం చేసుకోవలసిన వేళలు గుర్తుపెట్టుకోండి. వార్డులోకి అడుగు పెట్టే ముందు ఒకసారి, రోగిని ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి, వార్డు బయటికి రాగానే ఒకసారి. మంచాన్ని, స్టాండును, మూత్రం సంచిని ముట్టుకున్నా రోగిని ముట్టుకున్నట్టే లెక్క. ఇవి కాక తినే ముందు, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక సబ్బుతో కడగడం ఎలాగూ ఉంది.

శానిటైజరును నాలుగు చుక్కలు చిలకరించుకుని అరచేతులు రెండుసార్లు రుద్ది ఊరుకుంటారు, అది సరిపోదు. అరచేతి గుంట నిండేంత తీసుకోండి. ముందు రెండో చేతి వేళ్ళ కొసలను అందులో తిప్పండి, గోళ్ళ కిందికి వెళ్ళాలి. తరువాత అరచేతులు, చేతి వెనక భాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు. చేయి 20 నుంచి 30 సెకన్ల పాటు తడిగా ఉండి, తనంతట తానే ఆరాలి. గాలిలో విదిలించడం, చీరకు తుడుచుకోవడం పనికిరావు. చాలామంది వదిలేసేది బొటనవేలు. ఫోను మీద ఎక్కువ తిరిగేది కూడా అదే వేలు.

చేతికి మట్టి, రక్తం, మలం అంటితే శానిటైజరు పనిచేయదు. విరేచనాల రోగిని చూసివస్తే కూడా సబ్బు నీళ్ళే కావాలి. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గట్టి పెంకు లాంటి బీజాల రూపంలో ఉంటుంది, ఆల్కహాలు దాన్ని ఏమీ చేయలేదు. సబ్బు కూడా చంపదు, కానీ రుద్ది నీళ్ళతో వదలగొడుతుంది. సబ్బు పనంతా కలిపి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. కడిగాక కుళాయిని మళ్ళీ అదే చేత్తో కట్టకండి. మోచేతితో తిప్పే కుళాయి అయితే మోచేతితో, మామూలుదైతే కాగితపు రుమాలు అడ్డం పెట్టి తిప్పండి. గోడకు వేలాడే తువ్వాలు ఎంత తెల్లగా ఉన్నా వద్దు.

రోగి మంచం మీద కూర్చోవద్దు, స్టూలు అడగండి. చేతిసంచిని నేల మీద పెట్టవద్దు. ఇంటికి తీసుకెళ్ళి దాన్ని వంటగట్టు మీద పెట్టేవాళ్ళం మనమే కదా! కుర్చీ వెనక తగిలించండి, లేదా భుజానే ఉంచుకోండి. పక్క మంచం వారితో పలకరింపులు బాగానే ఉంటాయి, కానీ వాళ్ళ దుప్పటి సర్దవద్దు, వాళ్ళ గ్లాసుతో నీళ్ళు తాగవద్దు. బత్తాయి ఒలిచి పెట్టాలనిపిస్తే చేతులు కడుక్కుని ఒలవండి, మీరు మాత్రం వార్డులో తినకండి. క్యారియరు విప్పుకుని మంచాల మధ్య నేల మీద కూర్చుని భోంచేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వాళ్ళకు వేరే చోటు చూపించని ఆస్పత్రుల మీద ఇంకా ఎక్కువ వస్తుంది.

డాక్టరుగారో, సిస్టరో చేతులు శుభ్రం చేసుకోకుండా మీ మనిషిని ముట్టుకోబోతే అడగవచ్చు. మొహమాటమైతే మీ సీసా తీసి మీరు రాసుకుంటూ, “మేడమ్, మీకూ కావాలా?” అనండి. మంచి సిస్టర్ నొచ్చుకోదు.

దగ్గు వినిపించే చోట

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రి లాంటి చోట్లకు వెళ్ళేటప్పుడు లెక్క మారుతుంది. క్షయ చేతుల మీదుగా రాదు, పళ్ళెం పంచుకుంటే రాదు. రోగి దగ్గినప్పుడు వెలువడే సన్నటి తుంపరలు గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి, వాటిని పీల్చినప్పుడే వస్తుంది. పలుచటి నీలం మాస్కు అంచుల నుంచి ఆ గాలి లోపలికి వస్తుంది. కాబట్టి అక్కడ ఎన్95 మాస్కు కావాలి. ముక్కు మీది తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి, పక్కల నుంచి గాలి రాకుండా ఉందో లేదో చూసుకోండి. గుబురు గడ్డం ఉంటే అది సరిగా అతకదు. మాస్కు ముందు భాగాన్ని పట్టుకోకుండా, తాళ్ళు పట్టుకుని తీయండి.

కిటికీలు తెరిచి ఉంచమనండి. కూర్చునేటప్పుడు గాలి మీ వీపు నుంచి రోగి వైపు వెళ్ళేలా కూర్చోండి. ఏసీ వేసి అన్నీ మూసిన చిన్న గదిలో కంటే కిటికీలున్న పాత వార్డులో క్షయ భయం తక్కువ. రోగికి మామూలు మాస్కు పెట్టించగలిగితే ఇంకా మేలు. మందులకు లొంగే క్షయ అయితే సరైన చికిత్స మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే రోగి నుంచి ఇతరులకు అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ తరువాత కూడా వాళ్ళను దూరం పెట్టడం అన్యాయం.

జ్వరాల వార్డులో మరో రకం తప్పు చేస్తారు. డెంగీ రోగి చేయి పట్టుకోవడానికి భయపడతారు, చుట్టూ ముసిరే దోమలను పట్టించుకోరు. డెంగీ మనిషి నుంచి మనిషికి అంటదు, ఏడిస్ దోమ కుట్టాలి, అది పగలు కుడుతుంది. వానాకాలంలో జ్వరాల వార్డుకు వెళ్తే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, రోగికి పగలు కూడా దోమతెర కట్టమనండి. కండ్లకలక అయితే చూపు కలిస్తే అంటుకుంటుందని నల్ల కళ్ళద్దాలు పెడతారు. అది చేయి, తువ్వాలు, దిండు గలీబు ద్వారా వస్తుంది.

రాత్రి తోడుండేవాళ్ళకు

పరామర్శకు వచ్చేవారి కంటే వీళ్ళకే ప్రమాదం ఎక్కువ, వీళ్ళకే ఎవరూ ఏమీ చెప్పరు. బెడ్‌పాన్ తీయడం, మూత్రం సంచి ఖాళీ చేయడం, వాంతి ఎత్తడం మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల ఇంటివాళ్ళ పనే. చేతి తొడుగులు అడిగి తీసుకోండి. ఒక పనికి ఒక జత, పని అయ్యాక విప్పి పారేసి చేతులు కడగాలి. తొడుగులు వేసుకున్నాం కదా అని అదే చేత్తో తలుపు తీసి, ఫోను ఎత్తేవాళ్ళు తమను తాము మోసం చేసుకుంటున్నట్టే. మూత్రం సంచిని రోగి నడుము కంటే పైకి ఎత్తకండి, నేలకు తగలనివ్వకండి. ఇది రోగి కోసం.

దుప్పటి మార్చేటప్పుడు చేత్తో తడమకండి, మడతల్లో సూది ఉండిపోవచ్చు. వార్డులో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు కనిపిస్తాయి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి ఆస్పత్రి వ్యర్థాలకే. తెల్లనిది సూదులకు. అరటి తొక్క వేయడానికైనా వాటి మూత ఎత్తకండి, మామూలు చెత్తకు డబ్బా వేరే ఉంటుంది.

ఒకవేళ సూది గుచ్చుకుంటే వేలిని పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏ మంచం దగ్గర గుచ్చుకుందో చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనికిరావు. తెల్లవారాక చూద్దాంలే అనుకోవలసిన విషయం కాదు ఇది.

పడుకోవడానికి మీ చాప, మీ దుప్పటి తెచ్చుకోండి. వార్డులో చేతులు మారే కంబళ్ళ వల్ల గజ్జి అంటుకోవచ్చు.

ఇంటికి చేరాక

చెప్పులు గుమ్మం బయట. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు, ముఖం కడగండి. ఫోనును ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవండి, తుడిచాక మళ్ళీ చేతులు. ఇదే అందరూ మరిచిపోతారు. ఫ్లాస్కు, క్యారియరు వేడినీళ్ళతో, సబ్బుతో తోమండి. బట్టలు విడిగా మామూలు సబ్బుపొడితో ఉతికి ఎండలో ఆరవేస్తే చాలు. తలస్నానం చేయాలని పెద్దవాళ్ళు పట్టుబడితే చేయండి, నష్టం లేదు, పసిపిల్లను ఎత్తుకోబోతుంటే మంచిదే. ఇల్లంతా ఫినాయిలు చల్లడం మాత్రం అనవసరం.

ఆ తరువాత మీ ఒంటిని కొంచెం గమనించుకోండి. ఫ్లూ అయితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. ఆటలమ్మకు పది నుంచి ఇరవై ఒక్క రోజులు పట్టవచ్చు, అందుకే వారం గడిచింది కదా అని మరిచిపోకూడదు. జ్వరమో, విరేచనాలో వస్తే వైద్యుడి దగ్గర మొదటి మాటగా ఫలానా ఆస్పత్రిలో, ఫలానా వార్డులో, ఇన్ని రోజుల క్రితం ఉన్నానని చెప్పండి. ఆస్పత్రిలో తిరిగే సూక్ష్మజీవులకు మామూలు మందులు పనిచేయకపోవచ్చు, ఆ ఒక్క మాటతో ఆయన పరీక్షలు వేరుగా రాస్తారు. క్షయ రోగి దగ్గర ఎక్కువ కాలం గడిపినవాళ్ళకు అది నెలల తరువాత బయటపడవచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితంగా చేస్తారు. పొద్దున లేవగానే వచ్చిన కళ్ళె డబ్బాలో పట్టి తీసుకెళ్ళండి.